బంతి ఆడరాదు

కళ్ళజోళ్ళ తాత మనవరాలికి మొదటి జోడు ఆరేళ్ళప్పుడు చేశాడు. అప్పుడు రెండు కళ్ళకూ మైనస్ ఒకటి. తొమ్మిదేళ్ళు నిండేసరికి ఎడమ కంటికి మూడుంపావు, కుడి కంటికి మూడున్నర. ఆరు నెలలకోసారి కంటి డాక్టరమ్మ చీటీ రాసిచ్చేది. తాత ఆ చీటీని యంత్రం పక్కన మేకుకు గుచ్చి, అద్దాలు అరగదీసి, ఫ్రేములో బిగించేవాడు. నలభై ఏళ్ళుగా అదే పని. ఆ వీధిలో సగం ముక్కుల మీద ఉన్నవి ఆయన చేసిన జోళ్ళే.

మనవరాలిని ఇంట్లో గువ్వ అంటారు. బడి నుంచి రాగానే గువ్వ మంచం మీద బోర్లా పడుకుని పుస్తకం తెరిచేది. పుస్తకానికీ ముక్కుకీ మధ్య జానెడు దూరం ఉండేది కాదు. "చదువుతున్నావా, వాసన చూస్తున్నావా?" అని తాత అడిగేవాడు. గువ్వ పేజీ తిప్పేది.

తాత కూతురు, అంటే గువ్వ తల్లి, ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. ఆమె కళ్ళకు మైనస్ పదకొండు. అంత పవర్ వల్లే రెండేళ్ళ కిందట ఎడమ కంటి లోపలి పొర చిరిగింది. లేజర్ చేశారు. చూపు నిలిచింది కానీ ఎడమ మూల నల్లగానే ఉండిపోయింది. ఇప్పటికీ ఆ వైపు నుంచి ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడుతుంది. గువ్వ పవర్ పెరిగిన ప్రతిసారీ ఆమె చీటీ చదివి, మడిచి, తండ్రి చేతికి ఇచ్చేది. ఏమీ అనేది కాదు.

ఈసారి అంది. "నాన్నా, దీనికి కూడా నాలాగే అవుతుందా?"

"అద్దాలు నేను చేస్తా కదమ్మా."

"నేనడిగింది అద్దాల గురించి కాదు నాన్నా."

మర్నాడు ముగ్గురూ మళ్ళీ డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళారు.

"పిల్ల బయట ఎంతసేపు ఉంటుంది?" అని అడిగింది డాక్టరమ్మ.

"బడికి వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు," అంది తల్లి.

"అంటే?"

"పోను ఆరు నిమిషాలు, రాను ఆరు నిమిషాలు," అన్నాడు తాత.

"పగటి వెలుతురులో రోజుకు రెండు గంటలు బయట ఉంచండి. ఉన్న పవర్ తగ్గదు. పెరగడం నెమ్మదించవచ్చు. అందరిలోనూ ఒకేలా ఉండదు. అయినా చేసి చూడండి."

తాత తలూపాడు. రెండు గంటలంటే ఆయనకు నూట ఇరవై నిమిషాలు.

వాళ్ళుండేది మూడంతస్తుల భవనం. అంతస్తుకు ఆరు చొప్పున పద్దెనిమిది ఇళ్ళు. కింద వీధి వైపు తాత దుకాణం. దుకాణం వెనక కిటికీలోంచి చూస్తే భవనం వెనకున్న ఖాళీ స్థలం కనిపిస్తుంది. ముప్పై అడుగుల వెడల్పు, డెబ్బై అడుగుల పొడవు, సిమెంటు నేల, ఒక మూల నీళ్ళ కుళాయి. తాత దుకాణంలోంచి ఒక కుర్చీ తెచ్చి ఆ ఖాళీ నడుమ వేశాడు. గువ్వను కూర్చోబెట్టి చేతికి పుస్తకం ఇచ్చాడు. నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా. గోడ గడియారం చూసి కిటికీలోంచి పిలిచేవాడు. ఒకరోజు పది నిమిషాలు ముందే లేచిందని, మర్నాడు రెండు గంటల పది నిమిషాలు కూర్చోబెట్టాడు. వాన పడితే గొడుగు పట్టించాడు. నాలుగు నెలల్లో ఒక్క రోజు తప్పలేదు.

నాలుగు నెలల తర్వాత డాక్టరమ్మ పరీక్ష చేసింది. రెండు కళ్ళకూ పావు చొప్పున పెరిగింది.

"రెండు గంటలూ ఉంచారా?"

"నిమిషం తగ్గకుండా."

"బయట ఏం చేస్తుంది?"

"కూర్చుంటుంది. చదువుకుంటుంది."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "పెద్దాయనా, మంచం మీద చదివే పుస్తకం కుర్చీలో చదువుతోంది, అంతేగా. వెలుతురు సరే. కన్ను దూరం కూడా చూడాలి. పరుగెత్తాలి, బంతి వెంట పడాలి. ఆడుకోవడానికండీ నేను బయట ఉంచమన్నది! అది వేరే చెప్పాలని నాకు తోచలేదు."

"ఎవరితో ఆడుకోవాలి?" అంది గువ్వ. "అక్కడికెవ్వరూ రారు. తాత బోర్డు ఉందిగా."

ఆ బోర్డు ఖాళీ స్థలం గోడకు ఉంది. బంతి ఆడరాదు. తెల్ల రేకు మీద నల్ల అక్షరాలు. రాసింది తాతే. ఎనిమిదేళ్ళ కిందట ఒక ఎర్ర బంతి దుకాణం వెనక కిటికీ పగలగొట్టుకుని లోపలికొచ్చి, అరలో ఉన్న నలభై మూడు ఫ్రేముల్ని నేల మీద పోసింది. తన్నింది మొదటి అంతస్తు అమ్మాయి. అప్పుడామెకు పద్నాలుగు. తాత ఆమెను మెట్ల దగ్గర నిలబెట్టి, పద్దెనిమిది ఇళ్ళూ వినేలా కేకలేసి, బంతిని సొరుగులో పడేశాడు. ఆ వారమే భవనం సంఘం మీటింగు పెట్టించి బోర్డు కట్టించాడు. మెత్తనివాళ్ళెవరైనా తర్వాత మనసు మార్చుకుంటారేమోనని ఇంకో నిబంధన కూడా రాయించాడు: ఈ బోర్డు జోలికి వెళ్ళాలంటే, పద్దెనిమిది ఇళ్ళ సంతకాలూ ఉండాలి.

సాయంత్రం సంఘం సెక్రటరీ దగ్గరకు వెళ్ళాడు. సెక్రటరీ రైల్వేలో గుమస్తాగా చేసి రిటైరైనవాడు. రిజిస్టరు తెరిచి వేలు పెట్టి చూపించాడు.

"పద్దెనిమిది అండీ."

"పదిహేడు వస్తే?"

"పదిహేడు పదిహేడేనండీ. మీరు పెట్టిన రూలే కదా. కామా కూడా మీదే."

మూడు సాయంత్రాలు తాత మెట్లెక్కి దిగాడు. ఒకాయన బోర్డు ఉందన్న సంగతే తెలియదన్నాడు. ఒకావిడ, "మా వాడు ఫోను వదిలితే చాలు, బంతితో మా కిటికీ కూడా కొట్టమనండి," అంది. తన సంతకంతో కలిపి పదిహేడయ్యాయి. మిగిలింది మొదటి అంతస్తులో ఒక్క ఇల్లు. దాని కిటికీలు ఖాళీ స్థలం వైపే.

బంతి తన్నిన ఆ అమ్మాయి ఇప్పుడు నర్సు. రాత్రి డ్యూటీ. ఎనిమిదేళ్ళలో తాతా ఆమే మెట్ల మీద ఎదురుపడితే తలూపుకోవడం తప్ప మాట్లాడుకున్నది లేదు. నాలుగో రోజు సాయంత్రం ఐదింటికి తాత తలుపు తట్టాడు. ఆమె జుట్టు ముడేసుకుంటూ తీసింది.

"ఏంటి తాతా, ఇలా వచ్చారు?"

తాత కాగితం ఇచ్చాడు. ఆమె చదివి నవ్వింది.

"ఈ బోర్డు పెట్టించింది మీరే కదా?"

"నేనే."

"అందరి ముందూ నన్ను నిలబెట్టి అరిచారు. మా అమ్మ మూడు రోజులు నాతో మాట్లాడలేదు, తెలుసా?"

"అరిచింది గుర్తుంది. మీ అమ్మ సంగతి తెలీదు."

"ఇప్పుడు మీ మనవరాలికి అవసరం పడేసరికి తీసేయాలా?"

"అవునమ్మా. అంతే. అప్పుడు అలా అరవాల్సింది కాదు. పిల్ల కళ్ళు వాళ్ళమ్మ కళ్ళలా అవుతాయని భయంగా ఉంది."

ఆమె కాగితం వైపు చూసింది. "నా కష్టం కూడా వినండి. ఎనిమిదింటికి డ్యూటీ దిగుతాను. తొమ్మిదిన్నరకు పడుకుంటాను. నాలుగింటికి లేస్తాను. పగలు నాకు నిద్ర పడుతోందంటే మీ బోర్డు పుణ్యమే. సెలవుల్లో పొద్దున్నించీ కింద గోల మొదలైతే, రాత్రికి సూది ఎక్కడ గుచ్చుతానో నాకే తెలీదు."

తాత కాగితం అందుకుని మడవబోయాడు.

"ఆగండి. అప్పుడే మడిచేస్తారేం? మీరు తీసేయమంటున్నారు. నేను ఉంచమంటున్నాను. నాలుగున్నర దాకా. ఆ తర్వాత చీకటి పడేవరకూ మీ ఇష్టం."

"అలాగే రాస్తాను."

"ఇంకోటి. నా బంతి."

"ఏ బంతి?"

"ఏ బంతా? ఎర్రది. కింది సొరుగులో పెట్టారు. నా కళ్ళతో చూశాను."

తాత దుకాణంలోకి వెళ్ళి కింది సొరుగు లాగాడు. స్క్రూల డబ్బా వెనకాల బంతి ఉంది. తెచ్చి ఇచ్చాడు. ఆమె బొటనవేలితో నొక్కింది. వేలు సగం దిగింది.

"గాలి కూడా మీరే కొట్టించాలి," అంటూ సంతకం పెట్టింది.

ఇంట్లో ఇంకో సంతకం లాంటిది మిగిలింది. "బంతి కంటికి తగిలితే?" అంది కూతురు. తాత ఆ రాత్రి గాజు అద్దాలు తీసేసి పగలని ప్లాస్టిక్‌వి వేశాడు. ఫ్రేము కూడా మెత్తగా వంగే ప్లాస్టిక్‌దే. కూతురు దాన్ని రెండు చేతులతో వంచి చూసింది. విరగలేదు. తర్వాత తన పాత లంగా నడుముపట్టీలోంచి ఎలాస్టిక్ లాగి, జోడు జారకుండా తల వెనక పట్టేలా కుట్టింది. కిటికీకి తాత ఇనప వల బిగించాడు.

బోర్డు దింపలేదు. పాత అక్షరాల పైన మిగిలిన చోటులో ఒక వరస చేర్చాడు: నాలుగున్నరకు ముందు. సెక్రటరీ వచ్చి చూశాడు.

"కొత్త అక్షరాలు మరీ చిన్నవండీ. చూపు తక్కువవాళ్ళకు ఆనవు."

"నా దుకాణానికి పంపండి."

మొదటి రోజు ఐదుగురు పిల్లలు దిగారు. దిగి, గోడకు ఆనుకుని వరసగా నిలబడ్డారు. ఎవరికీ ఎవరూ తెలియదు. "ఇప్పుడేం చేయాలి?" అని ఒకడు అడిగాడు. నర్సు టీ గ్లాసు పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. గ్లాసు పక్కన పెట్టి బంతిని గువ్వ వైపు విసిరింది. గువ్వ చేతులు చాచేలోపే బంతి వచ్చి ముఖానికి తగిలింది. జోడు నుదుటి మీదకు ఎగిరింది. కిటికీ వెనక తాత లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి తాతా," అంది నర్సు, వెనక్కి తిరక్కుండానే.

తాత కూర్చున్నాడు. గువ్వ జోడు సర్దుకుని, బంతి ఎక్కడికి పోయిందో వెతికి, తెచ్చి తిరిగి విసిరింది. అది నర్సును చేరలేదు. గోడకు ఆనుకున్న పిల్లలు నవ్వారు. "నవ్వుతారేం, మీరు పట్టండి చూద్దాం," అంది గువ్వ. వాళ్ళూ పట్టలేకపోయారు. ఆరున్నరకు తాత గడియారం చూసి పిలిచాడు. గువ్వ వినిపించుకోలేదు. ప్రెస్సు నుంచి వచ్చిన తల్లి చేతిసంచీ దించకుండా గేటు దగ్గర నిలబడి, చీకటి పడేదాకా చూసింది.

రెండో వారానికి పదకొండుమంది అయ్యారు. గువ్వకు ముగ్గురు స్నేహితులు, ఒక శత్రువు ఏర్పడ్డారు. శత్రువు రెండో అంతస్తు పిల్ల. "అది తొండి చేస్తుంది తాతా," అని గువ్వ రోజూ చెప్పేది. రోజూ ఆ పిల్లనే ముందు పిలిచేది. ఇంతకుముందు పడుకోమని నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చే పిల్ల తొమ్మిదింటికల్లా నిద్రపోతోంది. పుస్తకం మానలేదు. అన్నం తిన్నాక బల్ల దగ్గర కూర్చుని చదువుతోంది.

ఆరు నెలలు గడిచాయి. డాక్టరమ్మ పరీక్ష చేసింది, నమ్మకం లేక మళ్ళీ చేసింది. కుడి కంటికి పావు పెరిగింది. ఎడమ కంటికి ఎంత ఉందో అంతే ఉంది.

"ఆట వల్లేనా?" అని అడిగింది తల్లి.

"ఆట వల్లేనని నేను రాసివ్వలేనమ్మా. మానిపించకండి, అది మాత్రం రాసిస్తాను."

ఆమె చీటీ చదివింది. ఈసారి మడవలేదు. రోడ్డు మీద నడుస్తూ ఇంకోసారి చదివి, "నాన్నా, ఒక్కటే అద్దం," అంది.

"ఒక్కటే," అన్నాడు తాత.

మధ్యాహ్నం యంత్రం ముందు కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి గువ్వ కోసం ఒక్క కుడి అద్దమే అరగదీశాడు. ఎడమది తీయలేదు. దాని మీద గీతలు పడి ఉంటే, గుడ్డతో తుడిచి చూసి, ఇంకొన్నాళ్ళు పనికొస్తుందని వదిలేశాడు.

సాయంత్రం ఐదింబావుకు గువ్వ దుకాణంలోకి పరుగెత్తుకొచ్చింది. ముఖం నిండా చెమట, మోకాలి మీద కొత్త గీరు. జోడు తీసి బల్ల మీద పెట్టింది. ఒక చెవి కాడ బయటికి వంగిపోయింది. ఆ నెలలో అది మూడోసారి.

"మళ్ళీనా? ఏం చేశావే?"

"నేనేం చేయలేదు. అదే తోసింది. తొందరగా తాతా, నా వంతు పోతుంది."

తాత కాడను బల్ల మీది వేడి ఇసుక గిన్నెలో పెట్టి మెత్తబరిచి, రెండు వేళ్ళతో నిటారు చేశాడు. గువ్వ కిటికీ దగ్గర నిలబడి, కళ్ళు చికిలించి, వలలోంచి ఆట చూస్తోంది.

"ఏం కనిపిస్తోంది?"

"బంతి."

"ఎంత దూరంలో?"

"దూరం సంగతి తర్వాత చెప్తా, ముందు ఇటివ్వు," అని జోడు లాక్కుని, పట్టీ తల వెనక సర్దుకుంటూ వెళ్ళిపోయింది.