క్యారేజీవాడు

అమ్ము స్కూలుకి వెళ్లి నాలుగు రోజులైంది. కడుపునొప్పని ఒక రోజు, తలనొప్పని ఒక రోజు, మూడో రోజు నుంచి సాకులు వెతికే ఓపిక కూడా లేక దుప్పటి ముసుగుతన్ని పడుకుంది. తొమ్మిదో క్లాసు పిల్ల. బ్యాగు తీసి చూస్తే లెక్కల నోటుబుక్కు నిలువునా చింపేసి ఉంది. చున్నీ మీద ఎవరో పెన్నుతో హిందీలో రాయరాని మాట రాశారు. ఎవరే అంటే నోరు విప్పదు.

"ఇవాళ మీకు వీక్లీ ఆఫే కదా. సాయంత్రానికి దాని నోట ఆ పేర్లు రాబట్టండి," అని చెప్పి తల్లి నీలిమ స్మృతి నగర్లో తను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్‌కి వెళ్లిపోయింది. రేపు పదింటికి ప్రిన్సిపాల్ రమ్మన్నారు. పేర్లు చెప్తే వాళ్ల మీద యాక్షన్ తీసుకుంటారట. చెప్పకపోతే పిల్ల నాటకాలాడుతోందని రాసుకుని ఫైలు మూసేస్తారట.

ఇక రాజేంద్రగారి సంగతి. ఆ హిందీ ఊరి స్టీలు ప్లాంటులో, రోలింగ్ మిల్లులో సీనియర్ ఆపరేటరు, రిసాలిలో ప్లాంటు క్వార్టరు, నలభై మూడేళ్లు. కాలనీలో ఏ ఇంట్లో గొడవైనా పిలవకపోయినా వెళ్లి రాజీ కుదిర్చే పెద్దమనిషి. తన ముందు ఎవడూ ఏదీ దాచలేడని మహా నమ్మకం. ఆ పెద్దరికం కన్నకూతురి దగ్గర కాణీకి పనికి రాలేదు. మూడు రోజులు అరిచాడు, బతిమాలాడు, ఫోను లాక్కున్నాడు, మళ్లీ ఇచ్చాడు. నాలుగో రోజు మధ్యాహ్నానికి కాస్త బుద్ధి తెచ్చుకుని, కంప్యూటర్ ముందున్న పిల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

"ఏటమ్మా ఈ ఆట?"

అమ్ము ఇయర్‌ఫోన్ ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది. ఎడమది అతనికి, కుడిది తనకి.

ఆటలో ఒక స్కూలు. పిల్లలందరూ వెళ్లిపోయారు. ఒక్క కుర్రాడు మాత్రం దాక్కుంటూ దాక్కుంటూ గేటు దాకా చేరాలి. చేతిలో కత్తీ లేదు, తుపాకీ లేదు. మొహాల్లేని పొడుగాటి వెధవలు హాకీ స్టిక్కులు నేలకి రాసుకుంటూ వాడి కోసం వెతుకుతుంటారు. బెంచీ కింద దూరాలి, బీరువాలో దూరాలి, వాళ్లు దగ్గరికొస్తే బటన్ నొక్కి పట్టుకుని ఊపిరి బిగబట్టాలి. ప్లాంటు భోంగా, అదే షిఫ్టు సైరను, మోగినంతసేపే పరిగెత్తడం. ఆ మోతలో అడుగుల చప్పుడు కలిసిపోతుంది.

భోంగా వినగానే రాజేంద్ర మొహం వెలిగిపోయింది. పసుపు గోడలు, అంచు విరిగిన మూడో మెట్టు, సైకిల్ స్టాండు పక్కన రేకుల గది. "ఇది అచ్చం మా స్కూలే అమ్మూ. మేం చదివిందే," అన్నాడు సంబరంగా. నోరు జారడమంటే ఇదే, అప్పటికి అతనికి తెలీలేదు.

అమ్ము మొదటిసారి అతని వైపు తిరిగింది. కీబోర్డు అతనికిచ్చింది. అతను బీరువా అనుకుని నోటీసు బోర్డులో దూరబోయి చచ్చాడు. భోంగా ఆగాక కూడా పరిగెత్తి చచ్చాడు. అమ్ము ఫక్కున నవ్వింది. నాలుగు రోజుల తర్వాత ఆ ఇంట్లో వినబడ్డ నవ్వు అది. అతని గుండె కరిగిపోయింది పాపం.

"ఈ సైకిల్ స్టాండు దాటించు పప్పా," అంది. "దాటిస్తే చెప్తా. పేర్లన్నీ. ప్రామిస్."

రాజేంద్ర ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడాడు. హాకీ స్టిక్కుల వాళ్లని దాటించి, కుర్రాణ్ని రేకుల గదిలో పాత బెంచీల వెనక కూర్చోబెట్టాడు.

"ఇప్పుడు జాగ్రత్త," అంది అమ్ము గొంతు తగ్గించి. "వాళ్లు ఫర్వాలేదు, చప్పుడొస్తుంది. వీడే డేంజర్. చేతిలో కర్ర ఉండదు, టిఫిన్ క్యారేజీ ఉంటుంది. తలుపు దగ్గర నిలబడి ప్యార్‌సే పిలుస్తాడు. ఫ్రెండేమో అనుకుని నేను మూడుసార్లు బటన్ వదిలేసి బయటికెళ్లిపోయా."

తలుపు మీద రెండు దెబ్బలు వినబడ్డాయి. తర్వాత గొంతు.

"బుల్లోడా... ఎల్లిపోనార్రా అందరూ. నేనొక్కణ్నే ఉన్నాను. మీయమ్మ క్యారేజీ అంపింది, రారా."

రాజేంద్ర బటన్ వదలకుండానే రెండో చేత్తో ఇయర్‌ఫోన్ చెవికి నొక్కుకున్నాడు.

"తెలుగే కదా?" అంది అమ్ము. "నానమ్మ మాట్లాడినట్టుంది. బుల్లోడా అంటే ఏంటి పప్పా?"

"ఏమో. నాకు తెలీదు."

తెలీదట. ఆ మాట అన్న నోరే అది.

ముప్పై ఏళ్ల కిందట యజ్ఞనారాయణ అని పక్క క్వార్టర్లో ఉండేవాడు. ఇద్దరి నాన్నలూ శ్రీకాకుళం వైపు నుంచి ఒకే ఏడు ప్లాంటుకొచ్చారు. ఈ ఇంటి కూర గోడ మీదుగా ఆ ఇంటికెళ్లేది. యజ్ఞ తల్లి సత్యలక్ష్మి వాణ్ని బుల్లోడా అని పిలిచేది. స్కూల్లో ఆ పేరు తెలిసినవాడు రాజేంద్ర ఒక్కడే. దక్షిణాదివాళ్లని పెద్ద హిందీ కుర్రాళ్లు 'సాంబార్' అని ఇద్దర్నీ ఏడిపించేవారు, ఇద్దర్నీ కొట్టేవారు. ఒకరోజు యజ్ఞ ఎక్కడో దాక్కుని ఎంతకీ దొరక్కపోతే, వాణ్ని బయటికి రప్పిస్తే నువ్వు మావాడివే అన్నారు రాజేంద్రతో. రాజేంద్ర ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. సొంత క్యారేజీ పట్టుకుని రేకుల గది దగ్గరికెళ్లి, వాళ్లమ్మ పిలిచినట్టే పిలిచాడు. యజ్ఞ క్యారేజీ కోసం చెయ్యి చాపుకుంటూ వచ్చాడు. మొదటి దెబ్బ నువ్వే కొట్టాలన్నారు, కొట్టాడు. ఎడమ చెవిలోంచి రక్తం కారింది. నెల తిరక్కుండా యజ్ఞ వాళ్లు క్వార్టరు ఖాళీ చేసి విశాఖ వెళ్లిపోయారు. రాజేంద్ర ఇది మరిచిపోలేదు. మరిచిపోయినవాడిలా హాయిగా బతికేశాడు, సిగ్గులేని మనిషి.

బటన్ మీంచి వేలు ఎప్పుడు జారిందో అతనికి తెలీలేదు. తెర మీద కుర్రాడు బెంచీల వెనక నుంచి లేచి తలుపు దగ్గరికి నడిచాడు, చెయ్యి చాపాడు. ఒక్క చప్పుడు. రాజేంద్ర చెవిలో ఇయర్‌ఫోన్ మూగబోయింది.

"నీదాంట్లో ఏం వినబడదు ఇంక," అంది అమ్ము. "ఇక్కడ్నుంచి ఆట అయ్యేదాకా ఎడమ చెవి ఉండదు. వైరు పోయిందనుకుని నేను కొత్తది కూడా పెట్టి చూశా."

తెర మీద హిందీలో రెండు వాక్యాలు వచ్చాయి. ఎప్పుడూ బటన్ కొట్టి దాటేసేవే. ఈసారి అమ్ము పైకి చదివింది. "అమ్మ పిలిచే పేరు నా పక్కింటి స్నేహితుడికి ఒక్కడికే తెలుసు. ఆ పేరుతోనే పిలిచాడు." కింద, ఆట తయారుచేసినవాడి పేరు. యజ్ఞనారాయణ.

అమ్ము లేచి హాల్లోకి వెళ్లింది. అక్కడ గోడకి తండ్రి తొమ్మిదో క్లాసు గ్రూప్ ఫోటో ఉంది. రాజేంద్ర స్వయంగా ఫ్రేము కట్టించి, వచ్చిన ప్రతివాడికీ చూపించే ఫోటో. కింద వరసగా పేర్లు అచ్చేసి ఉన్నాయి. మూడో వరసలో యజ్ఞనారాయణ, పక్కనే వాడి భుజం మీద చెయ్యేసి రాజేంద్ర.

"ఇది నీ స్కూలేనన్నావు," అంది. "బుల్లోడా అంటే తెలీదన్నావు."

"చిన్నతనం అమ్మూ. అప్పుడు అందరూ అలాగే ఉండేవాళ్లం. ఏదో సరదాకి."

"వాళ్లూ మజాకే అంటారు పప్పా." అమ్ము గొంతు పెరగలేదు. "మొన్న నేను బాత్రూంలో గడియ పెట్టుకుని కూర్చుంటే, ఎవరూ లేరు రమ్మని పిలిచింది నా ఫ్రెండే. దాని పేరే నీకు చెబుదామనుకున్నా."

"చెప్పమ్మా. చెప్పు, రేపు నేను..."

"నీకు మాత్రం చెప్పను." గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది.

రాజేంద్ర తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపల పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది. వంటింట్లోకెళ్లి, పొద్దుట్నుంచీ తినలేదు కదా అని, నీలిమ వండి ఉంచిన పులిహోర పళ్లెంలో పెట్టుకొచ్చాడు. తలుపు మీద మెల్లగా రెండుసార్లు కొట్టాడు. తనకి చేతనైనంత ప్రేమగా పిలిచాడు. ప్రేమ నిజమే, ఈసారి అందులో అబద్ధం లేదు.

"అమ్మూ... నేనొక్కణ్నే ఉన్నానమ్మా. అమ్మ నీకోసం పులిహోర చేసి పెట్టింది, రా."

ఆ మాట పూర్తయ్యాక గానీ ఏమన్నాడో అతనికి తెలీలేదు.

లోపల ఏడుపు టక్కున ఆగిపోయింది. మంచం కిర్రుమనలేదు. అడుగుల చప్పుడు లేదు. తలుపుకి అవతల అమ్ము ఊపిరి బిగబట్టింది.