ఆవిరి పోకుండా

పళ్లెంలో రవ్వ పోసి, నీళ్లు చిలకరిస్తూ వేళ్లతో తిప్పుతూ ఉంటే కుస్కుసు గింజ కడుతుంది. కట్టేదాకా చెయ్యి ఆపకూడదు. త్రాపనీ రేవులో ఆడదై పుట్టినవాళ్లకి ఈ పని రాకపోవడమంటూ ఉండదు. అసుంతాకైతే మోచేతి నొప్పితో సహా వచ్చు.

మొగుడు బల్దో యాత్రికులకు ఊరు చూపిస్తాడు. ఉప్పు మళ్లు, చేపల బజారు, చివర్లో సముద్రంలోకి పొడుచుకొచ్చిన పాత బురుజు దగ్గర సూర్యాస్తమయం. అట్నించి అటే వీళ్లింటికి, చేపల పులుసుతో కుస్కుసు తినడానికి. "మా అమ్మ వంట" అని చెప్తాడు. ఆ అమ్మ పోయి ఎంత కాలమైందో! చెయ్యి అసుంతాది, పేరు అత్తగారిది.

కుస్కుసు ఉడకడమంటే మాటలా? చిల్లుల గిన్నెను కుండ మీద పెట్టి, రెండింటి మధ్య సందుకి పిండి తాడులా చేసి చుట్టాలి. అది ఎండి పగిలిందా, ఆవిరంతా పోయి గింజ పచ్చిగా ఉండిపోతుంది. కాబట్టి ఒకళ్లు పొయ్యి దగ్గరే కాపలా ఉండాలి. ఆ ఒకళ్లు ఎవరన్న ప్రశ్నే ఆ ఇంట్లో రాలేదు. "కుండ పొయ్యి మీదుంటే కోడలు గడప దాటకూడదు" అని అత్తగారు పెళ్లయిన కొత్తలోనే తేల్చేసింది. కుండ పొయ్యెక్కేదేమో సరిగ్గా పొద్దు వాలే వేళకి. పెళ్లికి ముందు ఆ బురుజు గోడ మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న పిల్ల, ఆ తర్వాత సముద్రంలో పొద్దు గుంకడం చూసిందే లేదు. చెప్పుకుంటే నవ్విపోతారని ఎవరితోనూ అనలేదు.

నిన్న భోజనాల దగ్గర ఒక పెద్దావిడ చెంచా పక్కన పెట్టి అడిగింది. "ఈ ఊళ్లో మీకు బాగా ఇష్టమైన చోటేదమ్మా?"

అసుంతా నోరు తెరిచేలోపే బల్దో అందుకున్నాడు. "దానికి వంటిల్లు దాటితే దారే తెలీదండీ!"

అందరూ నవ్వారు, ఆ పెద్దావిడ తప్ప. అసుంతా కూడా నవ్వింది, అలవాటు కదా. పళ్లాలు తోముతుంటే మాత్రం ఏడుపొచ్చింది. అతను ఆ మాట అన్నందుకు కాదు, తను నవ్వినందుకు.

ఇవాళ బురుజుకి వెళ్లే దారిలో, కొత్తగా వచ్చిన యాత్రికులను గుమ్మంలో నిలబెట్టి వంటింట్లోకి తొంగిచూశాడు బల్దో. "కుండెక్కించావా? మేం బురుజు దాకా వెళ్లొస్తాం."

అసుంతా చేతులు కడుక్కుని, మిగిలిన పిండి ముద్ద తీసి అతని అరచేతిలో పెట్టింది. "నువ్వుండు. పగులు కనిపిస్తే తడిచేత్తో పూడ్చు. వీళ్లను నేను తీసుకెళ్తా."

"పిచ్చా నీకేమైనా? అక్కడ వాళ్లకేం చెప్తావ్? నీకేం తెలుసని?"

"ఏమీ చెప్పను. నేనూ చూడ్డానికే వెళ్తున్నా."

కుండ అంచున సన్నగా బుస వినిపించింది. అసుంతా కాలు అలవాటు కొద్దీ పొయ్యి వైపు తిరగబోయి ఆగింది.

"బల్దో, పగిలింది చూడు," అంటూ గడప దాటింది.