ఏటివైపు తలుపు

పొద్దున్నే కాఫీ గ్లాసు కడిగి బోర్లించడం, కంప్యూటరు మీద కప్పిన పాత లుంగీ తీసి మడత పెట్టడం, మీట నొక్కి అది బుర్రుమంటూ లేచేలోగా జడ అల్లుకోవడం. శాంతికి ఇది రోజూ ఉండే వరస. అదే వేళకి వాళ్ళమ్మ సత్యవతి కొబ్బరిపీచు షెడ్డుకి కేరేజీ కట్టుకునేది. తాడు పేని పేని ఆవిడ అరచేతులు పనసతొక్కల్లా అయిపోయేయి. ఆ చేతులకి విశ్రాంతి ఇప్పించాలనే శాంతి ఉద్యోగానికి పెట్టుకుంది. హైదరాబాదు కంపెనీ, ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చు. ఆఖరి పరీక్ష కూడా ఇంట్లోంచే, ఆ కంప్యూటరు మీదే, కెమెరా ముందు రాయాలి. మధ్యలో నెట్టు తెగితే ఉద్యోగం మాట మర్చిపోవాల్సిందే.

ఆ నెట్టే తెగుతోంది.

రాజోలు నుంచి కేబుల్ నెట్టు చూసే శివాజీ వచ్చేడు. గుమ్మంలోనే ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకున్నాడు. అప్పటికే ఇంట్లోకి గోదారి వచ్చి ఉంది.

శాంతి వాళ్ళ నాన్న అబ్రహాము రేవులో పడవ నడిపేవాడు. ఆ కంప్యూటరు కూడా ఆయనే అమలాపురంలో పాతది కొని, పడవలో ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చేడు. పోయిన వరదల్లో పడవ బోల్తా పడి దొరికింది, మనిషి దొరకలేదు. అప్పట్నుంచీ పోటు వచ్చినప్పుడల్లా గోదారి గట్టు దిగి, కొబ్బరితోట దాటి, ఏటివైపు తలుపులోంచి వాళ్ళింట్లోకి వచ్చేది. ఆటు మొదలవగానే వెళ్ళిపోయేది. ఆ నీళ్ళు దేన్నీ తడిపేవి కావు. పొయ్యి ఆరేది కాదు, పక్కబట్టలు పొడిగానే ఉండేవి, పీకల్దాకా మునిగినా ఊపిరాడేది. ఇరుగూ పొరుగూ వస్తే అలవాటుకొద్దీ కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని, "ఇవాళ మీ ఇంట్లో నీరు తేటగా ఉందండీ" అనేవారు. అంతకుమించి ఎవరూ ఏమీ అనేవారు కాదు.

"చిక్కంతా ఇక్కడుందండి," అన్నాడు శివాజీ నీళ్ళలోనే కుర్చీ లాక్కుని. "కరెంటు మిగులుద్దామని ఈ కంప్యూటరు వైఫై ముక్కని నిద్రపుచ్చేస్తోంది. ఆ టిక్కు తీసేసేను."

ఆటు మొదలై నీళ్ళు వెనక్కి పోయేయి. నెట్టు వచ్చింది.

"చూసేరా పిన్నిగారూ!" అని కాలరెగరేసి, టీ తాగి వెళ్ళేడు.

మర్నాడు మళ్ళీ తెగింది. శివాజీ పాత డ్రైవరు సాఫ్టువేరు తీసేసి కొత్తది ఎక్కించేడు. నీళ్ళు వెనక్కి పోయేయి, నెట్టొచ్చింది. ఆ పైరోజు పక్కింటి రూటరుతో తగువు పడుతోందని ఛానలు మార్చేడు. మళ్ళీ అదే తంతు. రోజూ గెలుస్తున్నాడు, తెల్లారేసరికి ఓడిపోతున్నాడు.

"దిష్టి తగిలిందండి దీనికి," అన్నాడు చివరికి.

"పాస్టరుగార్ని పిలిచి ప్రార్థన చేయించమంటావా నాయనా?" అంది సత్యవతి.

"ఆయ్, చేయించండి. నా డ్రైవరు కంటే అదే నయం."

శాంతి నవ్వలేదు. లెక్కల్లో చురుకైన పిల్ల. తెగిన వేళలన్నీ మనసులో వరస పెట్టుకుంటోంది. "ఇది పాడైపోయిన వస్తువు తీరులా లేదండీ. నిన్నటికీ ఇవాళ్టికీ తెగే వేళ ముప్పావుగంట పైచిలుకు వెనక్కి జరిగింది. మొన్నా అంతే. రోజూ లెక్కగా అలా జరిగేది ఏముంటుంది?"

సత్యవతి చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండానే, "పోటు," అంది. "నాన్న పడవ వేళలు అలాగే కదే జరిగేవి."

ముగ్గురూ నడుంలోతు నీళ్ళకేసి చూసేరు. ఇంట్లో మనిషినీ ఇంట్లో నీటినీ ఎవరు అనుమానిస్తారు? నేలమీదున్న సీపీయూ వెనకాల వైఫై ముక్క మినుకుమినుకుమంటోంది. దాన్ని రాసుకుంటూ ఒక చిన్న జెల్ల ఈదుకుంటూ పోయింది.

"నా మతి మండా," అన్నాడు శివాజీ. "నీళ్ళు సిగ్నల్ని తాగేస్తాయి కదండీ!"

సీపీయూని బల్లమీదికి ఎక్కించేడు. ముక్కకి వైరు తగిలించి కిటికీ ఊచలకి కట్టేడు, రూటరుని గోడమీద ఎత్తుగా బిగించేడు. చిన్న పోట్లకి నెట్టు నిలబడింది. కానీ కంపెనీవాళ్ళు పరీక్ష పెట్టింది అమావాస్య నాడు, పొద్దున్న పదింటికి. అమావాస్య పోటుకి ఆ ఇంట్లో అటక కూడా మునుగుతుంది. శివాజీ రూటరు నుంచి కంప్యూటరుకి నేరుగా వైరు లాగి కూడా చూసేడు. నీళ్ళు కమ్మేసరికి అందులో గోదారి హోరు తప్ప ఇంకేమీ రాలేదు.

"ఒక్కటే దారుందండి," అన్నాడు, ఏటివైపు తలుపుకేసి చూస్తూ. "ఆ ఒక్కపూటా అది మూసి గడియ పెడితే..." సత్యవతి మొహం చూసి నాలిక్కరుచుకున్నాడు. "ఏదో నోరుజారేనండి."

పడవ మీదున్న మనిషి ఇల్లు చేరేదాకా ఏటివైపు తలుపుకి గడియ పెట్టకూడదని రేవులో వాళ్ళందరికీ తెలుసు. పాస్టరుగారు జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుందామంటే సత్యవతి ఒప్పుకోలేదు. సమాధికి మనిషి ఉండాలి కదండీ అంది. గోదారి ఆవిడ మాట విన్నట్టే ఉంది. మొదట్లో ఒక పోటుకి ఆయన తుండుగుడ్డ తెచ్చి గడపలో వదిలింది. తరవాత కేరేజీ మూత. తరవాత ఎడమకాలి చెప్పు, చొక్కా. మొన్నటి పోటుకి, ఆయన పడుకున్నా తియ్యని చేతిగడియారం.

"ఇంక రావాల్సింది ఆయనే," అంది సత్యవతి దాన్ని పైటచెంగుతో తుడుస్తూ.

అందుకే శాంతి తలుపు ఊసెత్తలేదు. పరీక్ష మానేస్తానంది.

అమావాస్య నాడు సత్యవతి షెడ్డుకి వెళ్ళకుండా ఉండిపోయింది. పిల్లకి ఉప్మా పెట్టి, లుంగీ తనే తీసి మడిచి, మీట తనే నొక్కింది. తరవాత ఏటివైపు తలుపు మూసి, తుప్పు పట్టిన గడియని రోకలిబండతో కొట్టి బిగించింది.

"అమ్మా!"

"ఒక్క పోటుకే కదే. ఇన్నాళ్ళు ఆగిన మనిషి ఇంకో పూట ఆగలేరా? నీ చదువంటే ఆయనకి ప్రాణం. ఏమీ అనుకోరు. నువ్వు రాసుకో."

తలుపుకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కింద కూర్చుంది. శాంతి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. తెరమీద ప్రశ్నలు మొదలయ్యేయి. పోటు వేళ వచ్చింది. గదిలోకి చుక్క నీరు రాలేదు. తెర మూలన సిగ్నల్ గుర్తు నిండుగా ఉంది. మధ్యలో ఓసారి కళ్ళు తిప్పి చూస్తే, అమ్మ రెండు చేతులతో మోకాళ్ళు గట్టిగా పట్టుకుని, పెదాలు బిగబట్టి, ఎదర గోడకేసి చూస్తోంది. ప్రార్థన చేసుకుంటోంది కాబోలు అనుకుని శాంతి మళ్ళీ లెక్కల్లో పడిపోయింది.

పరీక్ష అయిపోయింది. హెడ్‌ఫోన్లు తీసేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

"ఎలా రాసేవే?"

"బాగా రాసేను. ఒక్కసారి కూడా తెగలేదు." శాంతి ఏటివైపు తలుపుకేసి చూసింది. "ఎవరైనా తలుపు కొట్టేరా అమ్మా?"

"ఎవరు కొడతారే ఈ వేళప్పుడు," అంది సత్యవతి. "అన్నం పడేస్తాను, లే."

గోడ పట్టుకుని లేచి వంటింట్లోకి నడిచింది. శాంతి అమ్మ వీపు చూసింది. మెడ దగ్గర్నుంచి నడుం దాకా రవికా చీరా తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి. ఎప్పుడూ దేన్నీ తడపని నీళ్ళు.

శాంతి గడియ లాగి తలుపు తీసింది. బయట గోదారి లేదు. తోటంతా పొడిగా ఉంది. తలుపుకి బయటివైపు మాత్రం, మనిషి తట్టే ఎత్తులో, తడి అరచెయ్యి గుర్తు. దాని కింద ఇంకోటి. దాని కింద మరోటి. నిలబడీ నిలబడీ అలిసిపోయిన మనిషి మెల్లగా కూలబడ్డట్టు కిందికి దిగుతూ వచ్చేయి. ఆఖరి గుర్తు గడప పైన, సరిగ్గా అమ్మ వీపు ఆనించిన చోట ఉంది. శాంతి దానిమీద తన చెయ్యి పెట్టేలోపే ఎండకి ఆరిపోయింది.

ఉద్యోగం వచ్చింది. సత్యవతి పీచు పని మానేసింది. తుండుగుడ్డా, మూతా, చెప్పూ, చొక్కా, గడియారం ఒక చిన్న పెట్టెలో పెట్టి, పాస్టరుగారి చేత సమాధుల తోటలో భూస్థాపన చేయించింది. గోదారి మళ్ళీ ఆ ఇంట్లోకి రాలేదు. శివాజీ దారిలో కనపడితే, "నెట్టు ఎలా ఉందండీ?" అంటాడు. "బావుందండి, అస్సలు తెగడం లేదు," అంటుంది శాంతి.

పోటు వేళకి మాత్రం ఆమె చేతులు కీబోర్డు మీద ఆగిపోతాయి. ఏటివైపు తలుపు బార్లా తెరిచే ఉంటుంది. ఒక్కసారి తెగితే బావుణ్ణని తెర మూలకి చూస్తుంది. సిగ్నల్ గుర్తు నిండుగా, కదలకుండా వెలుగుతూనే ఉంటుంది.