మొహం కనపడని కోడలు

పోస్టులో వచ్చిన అట్టపెట్టెను విప్పింది కోడలే గానీ, అందులోంచి డిస్కును లాక్కున్నది అత్తగారు. "శూన్యరేఖ" నాలుగో భాగం. అంతరిక్షంలో మరమనుషులూ మనుషులూ కొట్టుకు చచ్చే సినిమా. థియేటర్లలో ఆడి వెళ్ళిపోయి, ఇప్పుడు ఇళ్ళలో చూసుకోవడానికి విడుదలైంది. పనిచేసిన వాళ్ళకు కంపెనీ తలొకటి పంపింది. మొదటి భాగం నుంచీ హీరోయిన్ గోడలు దూకినా, రైలు మీంచి పడినా, మరమనుషుల చేత తన్నులు తిన్నా, నిజానికి అదంతా చేసింది ఈ ఇంటి కోడలే. మొహం ఆవిడది, ఒళ్ళు హూనం చేసుకున్నది ఈ పిల్ల.

అత్తగారు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. తప్పు పట్టడం ఆవిడకు వృత్తి, అలవాటు, కొడుకు మాటల్లో చెప్పాలంటే జబ్బు. మందుసీసా మీద తప్పు పట్టింది, కరెంటు బిల్లు మీద పట్టింది, తన పెళ్ళి శుభలేఖలో పట్టిన తప్పును ఇప్పటికీ చెబుతుంది. కోడలి పని దీనికి సరిగ్గా ఎదురు. తప్పు దొరక్కుండా పడాలి. డూపు మొహం కనపడిందా, సినిమా అబద్ధమని తేలిపోతుంది. ఇన్ని సినిమాల్లో ఒక్కసారి కూడా దొరకలేదని ఆ పిల్లకు లోలోపల గర్వం. అదే అత్తగారికి కడుపుమంట. "ఆ దూకింది మా కోడలే" అని ఎదురింటావిడతో అంటే, "ఏదీ, ఎక్కడా?" అని అడిగింది. ఏం చూపిస్తుంది, వీపా?

అయితే అత్తగారికి గొప్ప ఎంతుందో భయం అంతకు రెట్టింపు ఉంది. ఈ సినిమాకే ఆరంతస్తుల మేడ మీంచి గాలిపరుపు మీదకు దూకి చిన్న గీత కూడా పడకుండా లేచి వచ్చిన పిల్ల, మర్నాడు పొట్టి మెట్ల మీంచి దొర్లే సీనులో భుజం దగ్గర ఎముక విరగ్గొట్టుకుంది. అది అతుక్కునేదాకా జడ వేసిందీ, నోట్లో ముద్ద పెట్టిందీ అత్తగారే. కట్టు విప్పకముందే ఆవిడ అరచెయ్యి చాపింది. "ఇదే ఆఖరని మాటివ్వు" అంది. కోడలు దెబ్బ తగలని చేతిని ఆ చేతిలో వేసింది.

ఇప్పుడు అయిదో భాగానికి ఫైట్ మాస్టర్ పిలిచాడు. సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి. "రానని చెప్పేస్తా అత్తయ్యా" అని పొద్దున్నే అంది కోడలు, గిన్నెలు తుడుస్తూ, వెనక్కి తిరక్కుండా. అత్తగారు హమ్మయ్య అనుకుంది. ఎలాగూ ఇదే ఆఖరిది కాబట్టి ఇందులోనైనా మొహం పట్టుకు తీరాలని పంతం పట్టింది.

కొడుకు కళ్ళజోళ్ళ కొట్టుకు బయల్దేరుతూ రిమోట్ చేతిలో పెట్టాడు.

"ఇది నొక్కితే ఆగుతుందమ్మా. ఇది నొక్కితే ఒక్కో బొమ్మే ముందుకు కదులుతుంది."

"అంటే అక్షరం అక్షరం చదువుకోవచ్చన్నమాట."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? దొరక్కూడదని తను మొక్కుకుంటుంటే నువ్వు వెతుకుతానంటావేంటి?"

"నీ కొట్టు నువ్వు తెరుచుకో పో" అంది ఆవిడ, కళ్ళజోడు చీరకొంగుతో తుడుచుకుంటూ.

కోడలు గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "థియేటర్లో అయితే రెప్పపాటులో పోతుంది అత్తయ్యా. ఇలా ఆపి చూస్తే ఎవరికైనా ఏదో ఒకటి దొరుకుతుంది. వద్దులెండి" అని నసిగింది. వినేవాళ్ళెవరు? కాసేపు కాలుగాలిన పిల్లిలా తిరిగి, ఉతికిన బట్టల బకెట్టు తీసుకుని మేడెక్కింది. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు. ఈ పిల్ల దగ్గర ఆ సామెత తిరగబడింది. వీధిలో మరమనుషుల్ని మట్టి కరిపిస్తుంది, ఇంట్లో అలికిడి చెయ్యదు. నవ్వినా పెదాలు విచ్చుకోవు.

థియేటర్లో సినిమా మన మాట వినదు. అక్కడ ఆ దూకే సీను రాగానే అత్తగారు గట్టిగా కళ్ళు మూసుకుంది. జనం ఈలలు వేశాక తెరిచింది. ఇక్కడ సినిమా ఆవిడ చేతిలో ఉంది. మోత తగ్గించింది. మిగతా కథంతా పరుగెత్తించి, అంతరిక్షంలో తగలబడుతున్న బురుజు దగ్గర ఆపింది. కోడలు దూకిన ఆరంతస్తుల మేడే తెర మీద ఆ బురుజు. వెనక మరమనిషి ఇనుప పంజా. అంచున, వీపు ఇటు తిప్పి, కోడలు.

ఒక్కో బొమ్మే నొక్కుకుంటూ పోయింది. మడమలు లేచాయి. మోకాళ్ళు కాస్త వంగాయి. చేతులు వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకొచ్చి, మెల్లగా విచ్చుకున్నాయి. పడిపోతున్న మనిషిలా లేదు. నీళ్ళలోకి దిగుతున్నట్టుంది. ఏ వేలూ బిగుసుకోలేదు, ఏ కాలూ తడబడలేదు. గాల్లో ఒళ్ళు తిరుగుతుంటే మొహం మాత్రం ప్రతి బొమ్మలోనూ అవతలికే ఉంది. ఎన్నాళ్ళు నేర్చుకుంటే అబ్బుతుంది ఆ ఒడుపు? పేజీకి ఒక తప్పైనా చూడకుండా ఆవిడకు రోజు గడిచింది లేదు. ఇక్కడ బొమ్మ వెనక బొమ్మ, వెతికినా దొరకడం లేదు. మొహం వెతికే పనే మర్చిపోయింది. "ఎంత పనిమంతురాలివే తల్లీ!" అని పైకే అనేసింది, ఖాళీ గదిలో.

మరో బొమ్మ నొక్కింది. గాలికి విగ్గు జుట్టు పైకి లేచింది. దాని కింద మొహం. హీరోయిన్‌ది కాదు, తమ పిల్లదే, నిండు వెలుతురులో.

"దొరికింది!" అని కేకపెట్టబోయి ఆగిపోయింది.

కోడలు నవ్వుతోంది. కథ ప్రకారం ఆ హీరోయిన్ ప్రాణభయంతో దూకుతోంది, అక్కడ నవ్వు ఉండకూడదు. నోరంతా తెరిచి, పళ్ళన్నీ బయటపెట్టి, కళ్ళు మూతలు పడేంతగా నవ్వుతోంది ఆ పిల్ల.

అత్తగారు ముందుకు జరిగి కూర్చుంది. పెళ్ళిఫోటోల్లో ఈ నవ్వు లేదు. తన షష్టిపూర్తి ఫోటోల్లో లేదు. ఈ ఇంట్లో ఎన్నడూ చూడలేదు. తన పిల్లాడి సంసారం కోసం, నాలుగు రాళ్ళ కోసం ఒళ్ళు విరగ్గొట్టుకుంటోందని జాలిపడింది ఇన్నాళ్ళూ. ఆ జాలితోనే చెయ్యి చాపి మాట తీసుకుంది. ఏం తీసుకుందో ఇప్పుడు తెర మీద కదలకుండా కనిపిస్తోంది. ఈ పిల్లను అడిగింది లేదే! చెయ్యి చాపడమేగానీ, నీకిష్టమేనా అని ఒక్కమాట అడగలేదే!

ఖాళీ బకెట్టుతో కోడలు దిగి వచ్చింది. తెర చూసి నాలుక కరుచుకుంది.

"అయ్యో! దొరికిపోయాను. తల తిప్పడం ఆలస్యమైంది అత్తయ్యా. మాస్టర్‌కి చెప్పకండి, ఎదురింటావిడకి అసలే చూపించకండి."

"తల సంగతి సరే. ఆ నవ్వేంటి?"

"భయమేసి..." అని మొదలుపెట్టింది కోడలు.

"నాతో అబద్ధమాడకు."

కోడలు బకెట్టు కింద పెట్టింది. "అంచు వదిలాక కాసేపు ఒంట్లో బరువుండదు అత్తయ్యా. ఎవరూ పిలవరు, ఏదీ పట్టుకోనక్కర్లేదు. ఆపుకుందామన్నా నవ్వు ఆగదు." అని, వెంటనే సర్దుకుంది. "ఇక లేదులెండి. మాస్టర్‌కి ఇప్పుడే ఫోన్ చేసి రానని చెప్పేస్తా."

"వస్తానని చెప్పు."

"మీకు మాటిచ్చానుగా?"

"తీసుకున్నది నేను. తిరిగిచ్చేస్తున్నా."

కోడలు నమ్మలేదు. దగ్గరకొచ్చి మోకాళ్ళ దగ్గర కూర్చుంది. "మీకు భయం పోయిందా?" అని మెల్లగా అడిగింది.

"ఎక్కడికి పోతుంది? నువ్వు బయల్దేరిన దగ్గర్నుంచీ నా గుండె గుండెలో ఉండదు. ఏ రోజు దూకుతున్నావో నాకు మాత్రం చెప్పకు." అత్తగారు తెరవైపు మళ్ళీ ఒకసారి చూసింది. ఆ మొహాన్ని చూస్తూనే మనసు మార్చుకుంది. "కాదు, చెప్పు. నేనూ వస్తా. ఆ గాలిపరుపు పక్కన నిలబడతా. ఈసారి కళ్ళు మూసుకోను."

కోడలు అత్తగారి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, అలాగే పట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి ఫోన్ అందుకుంది.