పా.కా.

రెండక్షరాలు, రెండు చుక్కలు. ఇంతకు మించి అక్కడేమీ లేదు. పన్నెండేళ్ల కిందట తన చేత్తో తానే రాసిన ఆ రెండక్షరాల ముందు కూర్చుని, తాను ఏ ఉద్దేశంతో రాసిందో తెలియక మ్యాపు మేడం పొద్దుటినుంచి తల గోక్కుంటోంది.

ఆమెది ఊరి నీటిదారుల సంరక్షణ కమిటీలో పటాల గుమాస్తా ఉద్యోగం. కమిటీ అంటే పెద్ద హంగేమీ ఊహించుకోనక్కర్లేదు. మేడమీద ఒక గది, కాలు ఊగే ఒక బల్ల, అయిదుగురు సభ్యులు. నెలకోసారి కూర్చుని, కాలువల పక్కన ఎవరు ఏం కట్టుకోవచ్చో, ఏం కట్టుకోకూడదో తేలుస్తారు. అధ్యక్షుడు పళ్ల డాక్టరు. మనిషి మంచివాడే కానీ దేన్నీ భూతద్దం లేకుండా చూడడు. నియమం చాలా తేలిక. పారే కాలువకు ముప్పై మీటర్లలోపు గోడ లేపకూడదు, గుప్పెడు మట్టి పోయకూడదు. ఎప్పుడో ఎండిపోయి, ఎవరికీ పట్టని కాలువైతే ఏ అడ్డూ లేదు. ఏది ఎలాంటిదో పటంలో రాసి ఉంటుంది. ఆ పటం రాసింది మ్యాపు మేడం.

మంగళవారం పొద్దున మీటింగులో వెల్డింగు షెడ్డుకు అనుమతి కోరుతూ ఒక దరఖాస్తు వచ్చింది. అది మ్యాపు మేడం అక్కది. ఇంటి వెనక పల్లంలో షెడ్డు వేసుకోవాలని వాళ్ల ఆశ. డాక్టరుగారు పుచ్చు పన్ను వెతుకుతున్నట్టు పటం మీదకు వంగి, "ఇక్కడ పా.కా. అని ఉంది. అంటే ఏంటి మేడం?" అన్నాడు.

ఆమె నోరు తెరిచేలోపే, "పాత కాలువ," అన్నాడు మేస్త్రీల సంఘం సభ్యుడు. అదే క్షణంలో, "పారే కాలువ," అంది మొక్కల నర్సరీ నడిపే ఆవిడ. అనేసి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరూ కమిటీలో తొమ్మిదేళ్లుగా ఉన్నారు. తొమ్మిదేళ్లుగా ఒకే పటాన్ని చూస్తూ ఆయన ఒకటి, ఈవిడ ఇంకొకటి చదువుకుని నిక్షేపంగా చేతులెత్తారన్నమాట.

రిజిస్టరు తెచ్చి తిప్పారు. బస్టాండు వెనక పా.కా. పక్కన గోదాముకు అనుమతి నిరాకరించారు. మార్కెట్టు దగ్గర పా.కా. పక్కన పాల డిపోకు మాత్రం హాయిగా ఇచ్చేశారు. ఆ మీటింగుకు ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నదాన్ని బట్టి ఊళ్లో కాలువలు ఎండాయి, పారాయి. అందరూ మ్యాపు మేడం వైపు తిరిగారు.

"రాసింది మీరేగా," అన్నాడు డాక్టరు.

ఆమె పటాన్ని తన వైపు తిప్పుకుంది. పాత పటాల నుంచి కొత్తవి రాసిన మాట నిజం. కానీ ఆ పాతవాటిని చెదలు తిన్నాయని అప్పుడే తగలబెట్టేశారు. ఉన్న ఆధారం తన బుర్రే. అందులో ఇప్పుడు తెల్లకాగితం తప్ప ఏమీ కనిపించడం లేదు.

"మీ అక్కగారి దరఖాస్తని నాకు తెలుసు. అయినా మీ మాటే తీసుకుంటాం. శుక్రవారం స్థలం చూడ్డానికొస్తాం, అప్పటికి గుర్తు తెచ్చుకుని రాసివ్వండి," అన్నాడాయన. నమ్మనని అన్నా బాగుండేది. ఇంత నమ్మకం నెత్తిన పెట్టి పోతే మనిషి ఎలా మొయ్యాలి?

అక్క ఇల్లూ తన ఇల్లూ పక్కపక్కనే. మధ్యలో ఒక గోడ, దానికి ఒక చిన్న తలుపు. అమ్మ పోయేనాటికి మ్యాపు మేడానికి తొమ్మిదేళ్లు, అక్కకు పదిహేను. జడ వేయడం దగ్గర్నుంచి ఉద్యోగం దరఖాస్తు నింపడం దాకా అన్నీ అక్కే చూసింది. అందుకే ఆ సాయంత్రం ఆ తలుపు తోసుకుని వెళ్లడానికి ఆమె వెనకాడింది. అయినా వెళ్లింది.

"ఏమే, పాత అని చెప్పడానికి నీకొచ్చిన నొప్పేంటి?" అంది అక్క, కూరగాయల కత్తి కింద పెట్టకుండానే. కబురు అప్పుడే చేరిపోయింది.

"ఏమని రాశానో గుర్తులేదక్కా."

"నీ రాత నీకే గుర్తులేదా? నీ మూడో తరగతి చెప్పుల సైజు నాకిప్పటికీ గుర్తుంది."

బావ పక్కనే కూర్చుని, వెల్డింగు కళ్లద్దాలు గుడ్డతో తుడుచుకుంటున్నాడు. "దాన్నెందుకు అలా గదమాయిస్తావు. మరదలా, నువ్వు చెప్పు. ఆ పల్లంలో నీళ్లెప్పుడైనా చూశావా?"

"వానాకాలంలో చూశాను బావా."

"వానాకాలంలో మా బాత్రూంలో కూడా వస్తాయి. దాన్నీ కాపాడతారేంటి మీవాళ్లు?"

ముగ్గురూ నవ్వారు. బావ అద్దెకుంటున్న కొట్టును దాని యజమాని నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నాడు. ఊళ్లో ఇంకెక్కడా నిప్పురవ్వల పనికి చోటివ్వడం లేదు. ఇంటి వెనక షెడ్డు పడకపోతే, ఆరుగంటల ప్రయాణం దూరంలో ఉన్న బావ తమ్ముడి ఊరికి మకాం మార్చేయాలి. వాళ్లు అప్పుడే అనేసుకున్నారు. అక్క ఆ మాట పైకి అనలేదు కానీ, కొత్తిమీర కట్ట విప్పుతూ మధ్యగోడ తలుపు వైపు ఓసారి చూసింది. అక్క లేని ఆ గోడ పక్కన తానెలా బతకాలో మ్యాపు మేడం ఎప్పుడూ ఆలోచించలేదు.

బుధవారం సెలవు పెట్టి, స్కూటరేసుకుని, పటంలోని పదిహేడు పా.కా.లనూ చూసి రావడానికి బయల్దేరింది. అన్నీ ఎండి ఉంటే పాత, అన్నీ పారుతుంటే పారే. ఇందులో తిరుగులేదనుకుంది. మొదటిదాంట్లో బాతులు ఈదుతున్నాయి. రెండోదాని మీద రోడ్డు పడి, రోడ్డు మీద సైకిళ్ల కొట్టు వెలిసింది. మూడోది ఒక పక్కన తడిగానూ ఇంకో పక్కన పొడిగానూ ఉంది. నాలుగోదాని దగ్గర ఒక ముసలావిడను అడిగితే, "పారుతుంది కానీ మనం చూసేటప్పుడు పారదమ్మా," అంది. పదిహేడూ చూసి ఇంటికొచ్చేసరికి తొమ్మిది అటు, ఏడు ఇటు, ఒకటి ఎటూ కానిది తేలాయి. పొద్దున ఉన్న కాస్త స్పష్టత కూడా నీరుగారిపోయింది.

గురువారం ఆమెకు పెద్దాయన గుర్తొచ్చాడు. పన్నెండేళ్ల కిందట ఆఫీసులో పాత పటాలు పైకి చదివింది ఆయన, విని రాసింది ఈమె. ఇది ఇంతసేపు ఎందుకు తట్టలేదా అని తనను తానే తిట్టుకుంది. రిటైరైన పెద్దాయన వరండాలో కూర్చుని బత్తాయి వలుచుకుంటున్నాడు. విషయమంతా విని, ఒక తొన నోట్లో వేసుకుని, తాపీగా నమిలాడు.

"ఆ పాత పటంలో కాలువలకు పేర్లెక్కడున్నాయమ్మా? ఉత్త గీతలు."

"మరి మీరు పా.కా. అని ఎలా చదివారండీ?"

"నేనెక్కడ చదివాను? ఆ రోజుల్లో నాకు ఆకలెక్కువ, ఓపిక తక్కువ. ఏ గీత దగ్గరకొచ్చినా, 'ఇక్కడో పాడు కాలువ, అక్కడో పాడు కాలువ' అని విసుక్కునేవాణ్ణి. నువ్వు బుద్ధిమంతురాలివి కదా, అదీ రాసుకున్నట్టున్నావు."

"పదిహేడు చోట్లా?"

"పదిహేడుసార్లు విసుక్కుని ఉంటాను."

"నిజంగా పాడు అనే అన్నారా? పక్కానా?"

"పక్కాగా ఎలా చెప్తాను? పాత అని కూడా అన్నానేమో. నీకే మాట కావాలో చెప్పు, దాని కింద సంతకం పెడతాను," అని ఆయన ఇంకో తొన అందించాడు. ఆమె దాన్ని తీసుకుని, తినాలో చేత్తో పట్టుకోవాలో తెలియక, స్కూటరు దాకా అలాగే పట్టుకుపోయింది.

శుక్రవారం పదింటికి కమిటీ పల్లంలోకి దిగింది. మ్యాపు మేడం చేతిలో కాగితం లేదు. ఏం రాస్తుంది? జరిగిందంతా ఉన్నదున్నట్టు చెప్పేసింది. డాక్టరుగారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "అంటే ఈ కమిటీ ఇన్నేళ్లూ ఒక తిట్టు మీద తీర్పులు చెప్పిందన్నమాట," అని నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. "సరే. పటం తేల్చకపోతే నేలే తేల్చాలి. అడుగున్నర గుంట తవ్వండి. అరగంటలో నీరూరితే ఇది చిత్తడి నేల, అంటే కాలువ పారుతున్నట్టే, కట్టడానికి లేదు. ఊరకపోతే మీ ఇష్టం."

"అంతేగా," అని బావ స్వయంగా పార అందుకున్నాడు. అది ఎండాకాలం, నేల పైన బీటలు వేసి ఉంది. పైన జానెడు లోతు దాకా గోధుమరంగు మట్టి, దాని కింద బూడిదరంగు, అందులో అక్కడక్కడా ఎర్రటి మచ్చలు. బావ ఒక గడ్డ తీసి వేళ్లతో నలిపాడు. "ఇది తుప్పు. తుప్పు సంగతి నాకు తెలీదా? ఎవరో ఇక్కడ ఇనప సామాను పారేశారు."

ఆ తుప్పు సామానుది కాదు. మట్టిలోని ఇనుము నీళ్లలో నాని, నీళ్లు దిగాక గాలి తగిలి అలా అవుతుంది. ఏటేటా నీళ్లు ఎక్కి దిగే నేలలోనే ఆ మచ్చలు పడతాయి. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమెకు ఖాయంగా తెలిసిన సంగతులు నాలుగైదు ఉంటే, అందులో ఇదొకటి. ఆ క్షణానికి ఇది కూడా తెలియకపోతే బాగుండుననిపించింది.

అరగంట ఎండలో నిలబడలేక కమిటీ అంతా వెనక వరండాలోకి వెళ్లింది. బావ అక్కడ తాను చేసిన గేట్లు చూపిస్తూ కబుర్లలో పడ్డాడు. గుంట దగ్గర అక్కాచెల్లెళ్లిద్దరే మిగిలారు.

పదిహేను నిమిషాలు ఏమీ లేదు. అక్క మొహం కాస్త తేటపడింది. ఆ తర్వాత గుంట అడుగున ఒక పక్క నేల నల్లబడింది. నల్లబడినచోట చిన్న మెరుపు. చూస్తూండగానే అది అరచేతంత అయింది. ఒక ఎండుగడ్డి పరక దాని మీద తేలి, అటు అంచు నుంచి ఇటు అంచుకు మెల్లగా జరిగింది.

"నాలుగు దోసిళ్ల మట్టి వేస్తే సరిపోతుంది," అంది అక్క గుంటలోకే చూస్తూ. "వాళ్లింకా రాలేదు."

మ్యాపు మేడం వంగి దోసిట్లోకి మట్టి తీసుకుంది. తీసుకున్న సంగతి ఆమెకు తెలుసు. గుంటలో పోయడానికా, ఊరికే పట్టుకోవడానికా అన్నది తెలియలేదు. నాలుగు రోజులుగా ఆ రెండక్షరాలు ఎటు తిరుగుతాయా అని ఎదురుచూసింది. ఇప్పుడు ఆ అక్షరాల సంగతే అక్కర్లేకుండా పోయింది. అక్క కావాలి. ఈ నీళ్లు నీళ్లే. రెండూ నిజమే. అయితే ఏం చెయ్యాలి? అలా అనుకుంటూండగానే, "డాక్టరుగారూ, ఒకసారి రండి," అన్న పిలుపు వినిపించింది. ఆ గొంతు తనదే. ఎప్పుడు నిశ్చయించుకుందో, అసలు నిశ్చయించుకుందో లేదో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

డాక్టరుగారు స్కేలు ముంచి చూసి, "అంగుళం పైనే ఉంది," అన్నాడు. నర్సరీ ఆవిడ గెలిచినట్టేమీ కనిపించలేదు, తలదించుకుంది. అందరూ సంతకాలు పెట్టి ఒక్కొక్కరే వెళ్లిపోయారు. బావ పారకు అంటిన మట్టిని బొటనవేలితో గీకుతూ నిలబడ్డాడు.

అక్క చెల్లెలి దగ్గరకు వచ్చింది. కోపం లేదు, ఏడుపూ లేదు. దారి తెలియని చోట ఎవరినో అడిగినట్టు, నెమ్మదిగా, "ఇప్పుడు మేమేం చెయ్యాలి?" అంది.

మ్యాపు మేడం బుర్ర పనిచేయడం ఎప్పుడో మానేసింది. నోరు మాత్రం, వందలమందికి చెప్పి చెప్పి అరిగిపోయిన మాటల్లోకి తనంతట తానే జారిపోయింది.

"మీకు అభ్యంతరం ఉంటే ముప్పై రోజుల్లోపు రాతపూర్వకంగా తెలియజేయవచ్చండి."

చెప్పేశాక వినిపించింది ఆమెకు. పుట్టి బుద్ధెరిగాక అక్కను ఒక్కసారి కూడా మీరు అనలేదు. బావ గీకడం ఆపి తలెత్తాడు.

అక్క ఒక్క క్షణం చెల్లెలి మొహంలోకి చూసి, చీరకంటిన మట్టి దులుపుకుని, ఒక అడుగు వెనక్కి జరిగింది.

"అలాగేనండి," అంది.