ఎవరూ తగలకుండా విరిగిన కాలు

ఫుట్‌బాల్ ఆట అరవై మూడో నిమిషంలో ఉంది. ఎడమ అంచు వెంట బంతి తీసుకుని పిడుగు ఒక్కతే దూసుకుపోతోంది. అవతలి జట్టు పిల్ల ఇంకా నాలుగడుగుల వెనకే ఉంది. బంతిని లోపలికి తిప్పడానికి పిడుగు ఎడమకాలు నేలకు ఆనించింది. టప్పుమని చప్పుడు. ఎండుకొమ్మను మోకాలి మీద పెట్టి విరిచినట్టు ఉంది ఆ చప్పుడు. బెంచీ మీద కూర్చున్నవాళ్లకు కూడా వినబడింది.

అందరికన్నా ముందు పరిగెత్తింది ఫిజియో. పదకొండేళ్లుగా ఆడపిల్లల జట్లలో కాళ్లు చూడడమే ఆమె పని. ఆమె వెళ్లేసరికి పిడుగు కూర్చుని ఉంది. ఏడవడం లేదు. తన కాలిని తనే వింతగా చూసుకుంటోంది. మోకాలికీ మడమకీ మధ్య, వంపు ఉండకూడని చోట వంపు ఉంది.

"నన్నెవరూ తన్నలేదక్కా," అంది పిడుగు. "నిజంగా ఎవరూ తన్నలేదు."

అవతలి జట్టు పిల్ల రెండు చేతులూ పైకెత్తి అక్కడే నిలబడిపోయింది. "నేను ముట్టుకోలేదు, నేను ముట్టుకోలేదు," అని ఆ చేతులు దింపకుండానే అంటోంది. తప్పు ఎవరి మీద వెయ్యాలో తెలియక రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకుని ఊదలేదు.

పిడుగుకి ఇరవై రెండేళ్లు. నడక రావడమే పరుగుగా వచ్చిందని చిన్నప్పుడు అమ్మమ్మ పెట్టిన పేరు అది. జాతీయ జట్టులో అందరికన్నా వేగం. తల్లి దర్జీ. ఇంటి ముందుగదిలోనే కుట్టుమిషను పెట్టుకుని కూతుర్ని ఇంతదాన్ని చేసింది.

ఆసుపత్రికి వెళ్లే దారిలో ఫిజియో మనసులో పిడుగు ఫైలు తిరగేసుకుంటూనే ఉంది. జట్టులో ఇరవై ముగ్గురు. ఒక్కొక్కరికీ ఒక్కో ఫైలు. ఇదివరకు ఏ దెబ్బలు తగిలాయి, తొడ ముందు కండరానికీ వెనక కండరానికీ బలంలో తేడా ఎంత, ఎగిరి దిగినప్పుడు మోకాలు లోపలికి వాలుతోందా, బూటు పాదానికి సరిగ్గా ఉందా, నెలలో ఎన్ని నిమిషాలు ఆడింది, అన్నీ రాసి పెట్టేది. రెండు సీజన్లుగా జట్టులో ఒక్కరి మోకాలి లిగమెంటూ తెగలేదు. "ఆవిడ కళ్లలోనే ఎక్స్‌రే మిషనుంది, ఎదురుపడకండి, పొద్దున ఏం తిన్నారో చెప్పేస్తుంది," అని పిల్లలు ఆటపట్టించేవాళ్లు. ఫైళ్లన్నిటిలోకీ ఏ మచ్చా లేనిది పిడుగుదే.

మర్నాడు, ఎముకలో కడ్డీ వేసిన తర్వాత, ఎముకల డాక్టరు ఫిజియోనీ తల్లినీ పిడుగు మంచం దగ్గరికి పిలిచాడు. గొంతు పెంచని మనిషి. ఎక్స్‌రేని కిటికీ వెలుగుకు పెట్టి చూపించాడు.

"ఇది నిన్న విరిగిన చోటు. ఇక్కడ చూడండి, ఈ నల్లగీత. ఇది నిన్నటిది కాదు. రెండు మూడు నెలల కిందటి బీట. దీని మీదే పరిగెత్తుతూ వచ్చింది. నొప్పి లేదా అమ్మా?"

"ఉండేది," అంది పిడుగు. "కండరం పట్టేసిందనుకుని మాత్రలు వేసుకున్నాను."

ఫిజియో చివాలున ఆమె వైపు తిరిగింది. ప్రతి సోమవారం ఆ కాలు తన చేతుల్లోనే ఉండేది. ఒక్కసారి కూడా నొప్పి అనలేదు.

డాక్టరు కాగితం ఇంకొకటి తీశాడు. "ఎముకల గట్టిదనం పరీక్ష కూడా చేశాం. ఈ అంకె అరవై దాటినవాళ్లకి వస్తుంది." ఆ కాగితం మడిచి అడిగాడు. "నెలసరి చివరిసారి ఎప్పుడు వచ్చింది?"

పిడుగు తల్లి వైపు చూసింది, తర్వాత దుప్పటి వైపు.

"రెండేళ్లయింది."

నెలనెలా ఫిజియో నింపించే పట్టికలో ఆ ప్రశ్న ఉంది. రెండేళ్లలో ఇరవై నాలుగుసార్లు పిడుగు పేరుకెదురుగా 'సక్రమం' అనే ఉంది.

"సరిపడా తిండి లేకుండా ఇంత కష్టపడితే శరీరం ముందు ఆపేది అదే," అన్నాడు డాక్టరు. "అది ఆగితే ఎముకకి కాపలా పోయినట్టే. తర్వాత ఎవరూ తన్నక్కర్లేదు."

తల్లి మంచం అంచు పట్టుకుని కూర్చుంది. "నిక్కరు నడుం దగ్గర వదులవుతోందమ్మా అని మూడుసార్లు తెచ్చింది," అంది ఎవరితోనో చెబుతున్నట్టు. "మూడుసార్లూ నేనే బిగించి కుట్టాను. బాగా కసరత్తు చేస్తోంది, నా బంగారం అనుకున్నాను. ఈ చేతుల్తోనే బిగించాను."

"పిన్నిగారూ, మీకెలా తెలుస్తుంది," అంది ఫిజియో. "తెలియాల్సింది నాకు."

తల్లి కిందికి వెళ్లాక ఫిజియో కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుంది. "నాకెందుకు చెప్పలేదు?"

"దాచాలనేం కాదక్కా. రాకపోతే హాయిగా ఉంది. తెల్ల నిక్కర్లేసుకుని ఆడే వాళ్లకి అంతకన్నా ఏం కావాలి? ఇక ఆ పట్టిక అంటావా, అట్టకి పెట్టి బెంచీ మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తిప్పుతారు కదా. పైన ఎవరేం రాస్తే కిందవాళ్లం అదే రాస్తాం. అందరూ చూస్తుంటే 'రాలేదు' అని ఎవరు రాస్తారు?"

"మరి తిండెందుకు తగ్గించావు?"

"ఒక సోమవారం కోచ్ మేడమ్ బరువు చూసి, 'ఈకలా ఉన్నావే, ఇలాగే ఉండు' అన్నారు. నా వీపు తట్టారు. ఆవిడ ఎవర్నీ మెచ్చుకోరు కదక్కా."

ఆ మాట ఫిజియో గుండెలో ముల్లులా దిగింది. ఆ రోజు తనూ అక్కడే ఉంది. తనూ నవ్వింది.

ఆ వారమే ఆమె మిగిలిన ఇరవై ఇద్దర్నీ ఒక్కొక్కరిగా తన గదికి పిలిచింది. తలుపు మూసింది. కాగితం, పెన్ను బల్ల మీద పెట్టలేదు. ఊరికే అడిగింది. మొదటి ముగ్గురూ బాగానే వస్తోందన్నారు. నాలుగో పిల్ల, గోల్‌కీపరు, ఏడు నెలలైందని చెప్పి కళ్లు తుడుచుకుంది. తర్వాత ఇంకొకరు. తర్వాత ఇంకొకరు. అందరూ అయిపోయేసరికి లెక్క తొమ్మిది. ఫిజియో ఆ అంకెను నమ్మలేక మళ్లీ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఎక్స్‌రే కళ్లని పేరు పెట్టించుకుని, పట్టిక నిండా 'సక్రమం' చూసి తృప్తిపడింది తను.

కోచ్ గది బూట్లు ఆరబెట్టే గది పక్కన ఉంటుంది. ఎప్పుడూ తడితోలు వాసన. కోచ్‌కి నలభై నాలుగేళ్లు. ఒకప్పుడు ఆమే ఈ జట్టు కెప్టెన్. ఆమె ముందు గట్టిగా మాట్లాడినవాళ్లు తక్కువ.

"మేడమ్, తొమ్మిది మందికి నెలసరి ఆగిపోయింది," అంది ఫిజియో నిలబడే. "పిడుగు కాలు విరిగింది అందుకే. బరువు చూసే మిషను ఎత్తేయాలి. ఆ పిల్లతో మీరు ఈకలా ఉన్నావు, ఇలాగే ఉండమన్నారు. అప్పట్నుంచి తిండి మానేసింది."

"నేనన్నానా?"

"అన్నారు."

"నాకు గుర్తు లేదే," అంది కోచ్. కోపం వస్తుందనుకున్న ఫిజియోకి ఆ గొంతులో కోపం వినబడలేదు. కోచ్ ముఖంలో రంగు పోయింది. కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుని అడిగింది. "అది ఆగితే ఎముక విరుగుతుందా?"

"పలచబడుతుంది మేడమ్. బీటలు పడతాయి. పట్టించుకోకపోతే విరుగుతుంది."

కోచ్ వంగి ప్యాంటు కాలు పైకి మడిచింది. ముంగాలి మీద పాత కుట్ల గీతలు, ఒకదాని పక్కన ఒకటి.

"మూడుసార్లు," అంది. "ఇరవై ఆరేళ్లకి ఆట మానేశాను. నీవి గాజుకాళ్లే అన్నాడు అప్పటి కోచ్. నేనూ అదే నమ్మాను. ఇప్పటికీ ఇంట్లో మెట్లు దిగుతుంటే మా తమ్ముడు, గాజుకాళ్లు వస్తున్నాయి, దారివ్వండి అంటాడు. నేనూ నవ్వుతాను." ప్యాంటు కాలు కిందికి దించింది. "నాలుగేళ్లు రాలేదు నాకు. పీడా పోయిందనుకున్నాను. ఆ బరువు మిషను అప్పట్లో మాకూ ఉండేది. అందుకే పెట్టించాను. అలాగే చెయ్యాలనుకున్నాను."

వచ్చేటప్పుడు కడిగేయాలని ఫిజియో కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. ఎదురుగా కూర్చున్నది కోచ్‌లా లేదు. పద్దెనిమిదేళ్ల తర్వాత తన కాలు ఎందుకు విరిగిందో ఇప్పుడే తెలుసుకున్న ఆటగత్తెలా ఉంది.

తొమ్మిది మందికీ పరీక్షలు చేయించారు. ఇద్దరికి ఎముకలో బీటలు బయటపడ్డాయి. అందులో ఒకతె రాబోయే ఆదివారం ఆడాల్సిన పిల్ల. కోచ్ ఇద్దర్నీ పక్కన కూర్చోబెట్టింది. జట్టు వరుసగా నాలుగు ఆటలు ఓడిపోయింది. పత్రికలవాళ్లు దుమ్మెత్తిపోశారు. ఫుట్‌బాల్ సమాఖ్య పెద్దలు పిలిచి నిలదీస్తే, "వాళ్లు ఆడితే గెలిచేవాళ్లమేమో. తర్వాత నడవలేకపోయేవాళ్లు," అని చెప్పి వచ్చింది కోచ్.

పిడుగుకి అన్నిటికన్నా కష్టమైంది కాలు కాదు, తిండి. రెండు గుడ్లు, రొట్టె ముందు పెడితే గంటసేపు చూస్తూ కూర్చునేది. ఒకరోజు పళ్లెం తోసేసి, "లావైపోతే నన్నెవరు తీసుకుంటారమ్మా," అని భోరుమంది. తల్లి తిట్టలేదు, బతిమాలలేదు. కుట్టుమిషను ఆపి వచ్చి, తనూ ఒక పళ్లెం పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఆరు నెలలు అలాగే తిన్నారు, గడియారం చూసుకుంటూ, రోజుకి అయిదుసార్లు. "నీ పుణ్యమా అని నాకు జాకెట్లు పట్టడం లేదే," అంది తల్లి ఒకరోజు. చాన్నాళ్లకి ఇద్దరూ నవ్వుకున్నారు. ఏడో నెలలో ఒక పొద్దున పిడుగు ఫిజియోకి ఫోను చేసి, "వచ్చిందక్కా," అని ఒక్కమాట చెప్పి పెట్టేసింది.

పద్నాలుగు నెలలకి మళ్లీ మైదానంలో దిగింది. పాత వేగం పూర్తిగా రాలేదు. ఒక్కోసారి వెనకవాళ్లు అందుకుంటున్నారు.

కొత్త సీజన్‌కి పదిహేడేళ్ల పిల్ల ఒకతె జట్టులోకి వచ్చింది. ఫిజియో తన గదికి పిలిచి, తలుపు మూసి, అడగాల్సిందే ముందు అడిగింది.

"అయిదు నెలలైంది," అంది ఆ పిల్ల హుషారుగా. "మా పాత కోచ్ సారు అది మంచి గుర్తే అన్నారు. గట్టిగా సాధన చేస్తున్నట్టు లెక్కట."

ఇంకా ఎన్ని మైదానాల్లో, ఎంతమంది పిల్లల వీపులు తడుతూ ఈ మాట చెబుతున్నారో అనుకుంది ఫిజియో.

"నీకు ఇష్టమైతే ఒకర్ని పిలుస్తాను," అంది. ఆ పిల్ల అర్థం కాక తలూపింది.

మైదానం నుంచి పిడుగు బురద బూట్లతోనే వచ్చింది. విషయం వింది. బల్ల ఎక్కి కూర్చున్న పిల్లను ఎగాదిగా చూసి, కింద నేల మీద చతికిలబడి, పక్కన చోటు చూపించింది.

"ఇలా రా చెల్లీ, కూర్చో. పొద్దున్నుంచి ఏం తిన్నావో ముందు అది చెప్పు."