తుపాకీ లేని చేతులు

ఆ సైనిక కంపెనీలో చాలామందికి నోట్లో నువ్వుగింజ నానదు. ఫస్ట్ సార్జంట్ లోర్నా కింబ్రో మాత్రం ఆ బాపతు కాదు. సార్జంట్లందరి మీదా సార్జంట్ కాబట్టి సిపాయిలు ఆమెను ‘టాప్’ అని పిలుస్తారు. ఎవడికి మోకాలు వాచిందో, ఎవడి పెళ్ళాం పుట్టింటికి వెళ్ళిపోయిందో ఆమెకు తెలుసు. తెలిసినా ఒకరి సంగతి ఇంకొకరి దగ్గర ఎత్తదు. క్లినిక్ నుంచి వచ్చిన చీటీలు ఆమె బీరువాలోకి పోతాయి, బీరువా తాళంచెవి ఆమె మెడలో గొలుసుకు వేలాడుతుంది. ఈ విషయంలో ఆమెకు కాస్త గర్వం ఉండేది. ఆ గర్వమే ఆమెకు అడ్డం తిరిగింది.

మార్చి నెల. అమెరికాలోని కాన్సస్ గాలి కంటోన్మెంటు రోడ్ల మీద టోపీలు ఎగరేసుకుపోతున్న రోజులు. ఆక్లీ అనే కుర్ర సిపాయి గుమ్మం దగ్గర చాలాసేపు తచ్చాడి, చివరికి లోపలికొచ్చి చీటీ ఇచ్చాడు. కొత్త మందు మొదలుపెట్టారట. డాక్టరు మళ్ళీ చెప్పేదాకా తుపాకీ పట్టకూడదు, బండి నడపకూడదు. చీటీలో అంతే ఉంది.

“టాప్, ఎవరూ పంపకుండా నా అంతట నేనే వెళ్ళాను. వెళ్ళడానికి చాలా రోజులు పట్టింది,” అన్నాడు నేల చూస్తూ. “ఇది బయటికి పొక్కదుగా? పొక్కితే మాత్రం ఇంక ఆ గడప తొక్కను.”

“నా దగ్గరికి వచ్చింది ఎప్పుడన్నా బయటికి పోయిందా నాయనా? నిశ్చింతగా ఉండు.”

కెప్టెన్ వాన్స్‌కు మాత్రం నిశ్చింత లేదు. కంపెనీ చేతికొచ్చి ఎన్నాళ్ళో కాలేదు, ప్రతిదానికీ కంగారే. లోర్నా ఎదుటే క్లినిక్‌కు ఫోన్ కలిపాడు.

“కంపెనీ నాది డాక్టర్. నా మనిషికి ఏమైందో నాకు తెలియక్కర్లేదా?”

“తుపాకీ ఇవ్వకండి, బండి నడపనివ్వకండి. మీ పనికి కావలసింది అంతవరకే కెప్టెన్,” అంది డాక్టర్ ఐవర్సన్. “ఎందుకన్నది అతని సొంతం.”

ఫోన్ పెట్టేసి కెప్టెన్ కాసేపు గొణుక్కున్నాడు. నిజం చెప్పాలంటే లోర్నా మనసూ కెప్టెన్ వైపే ఉంది. కుర్రాడి కళ్ళ కింద నల్లటి చారలు ఆమె శీతాకాలం నుంచీ చూస్తూనే ఉంది. ఏమిటో తెలిస్తే తను ఏదో ఒకటి చెయ్యగలనని ఆమె నమ్మకం. అయినా చట్టం చట్టమే. చీటీ బీరువాలో పెట్టి తాళం వేసింది.

సోమవారం కాల్పుల సాధన. ఆయుధాల గది ముందు కంపెనీ మొత్తం వరుస కట్టింది. ఒక్కొక్కడే కిటికీ దగ్గరికి వెళ్ళడం, పేరు చెప్పడం, రైఫిల్ అందుకుని పక్కకు జరగడం. ఆక్లీ వంతు రాకముందే లోర్నా వాణ్ణి వరుసలోంచి తప్పించి చేతికి చీపురు ఇచ్చింది. గుట్టుగానే చేశాననుకుంది. ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు కూడా. కానీ అందరి భుజానా రైఫిల్ వేలాడుతున్నచోట ఒక్కడే చీపురు పట్టుకుని నిలబడితే ఇంకా చెప్పడానికి ఏం మిగులుతుంది?

సార్జంట్ పర్విస్ ఊరుకునే రకమా! కంపెనీలో గురి అతనిదే, నోరూ అతనిదే.

“ఏరా ఆక్లీ, కొత్తకోడలిలా చీపురు పట్టుకున్నావేంట్రా? తుపాకీ ఇస్తే మమ్మల్నే లేపేస్తావని భయమా టాప్‌కి?”

వరుస వరుసంతా గొల్లుమంది. మధ్యాహ్నం మెస్‌లో ఆక్లీ కూర్చున్న బల్ల దగ్గరికి ఒక్కడూ పళ్ళెం తీసుకుని రాలేదు. సాయంత్రానికి కథ నాలుగు రకాలుగా అల్లుకుంది. ఒక రకంలో వాడు ఎవణ్ణో కత్తితో పొడవబోయాడు కూడా.

గురువారం క్లినిక్ నుంచి ఫోన్ వచ్చింది. మీ సిపాయి రావలసిన వేళకు రాలేదన్నారు, ఇంకేమీ చెప్పలేదు. లోర్నా ఆక్లీని పిలిపించింది.

“ఎందుకు వెళ్ళలేదురా?”

“ఇంకెందుకు టాప్? ఊరంతా తెలిసిపోయిందిగా.”

“నేనెవరికీ చెప్పలేదు. ఒట్టు.”

“మీరు చెప్పలేదు టాప్,” అన్నాడు వాడు మెల్లగా. “చీపురిచ్చారు.”

లోర్నాకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. “మాత్రలన్నా వేసుకుంటున్నావా?” అని అడిగేసి నాలుక కరుచుకుంది. “వద్దు, జవాబు చెప్పకు. నేను అడగలేదనుకో. ఒక్క వారం ఆగు. మళ్ళీ సోమవారం అయ్యాక కూడా వెళ్ళబుద్ధి కాకపోతే, అప్పుడు నన్ను తిట్టిపో.”

వాడు నమ్మినట్టు లేదు. సరేనని మాత్రం తలూపాడు.

వాడు వెళ్ళాక ఆమె బీరువా వంక చూస్తూ కూర్చుంది. కాగితానికి తాళం వేసి మనిషిని నడిబజారులో నిలబెట్టింది తనే. సిగ్గుతో చితికిపోయింది. కెప్టెన్‌తో చెప్పుకుందామా అనుకుంది కానీ, చెబితే ఆక్లీ మాట మళ్ళీ ఇంకో చోట నలగాలి. ఎవరితోనూ చెప్పకుండానే దిద్దుకోవాలి.

సోమవారం ఆయుధాల గది తలుపు తెరవకముందే ఆమె వరుస ముందుకొచ్చి పేర్లు చదివింది. తూటాలు పంచడానికి కొందరు, కాల్పుల మైదానం అంచున ఎర్రజెండాల దగ్గర కొందరు, ఆక్లీ అక్కడి బురుజు మీద రేడియో దగ్గర, పర్విస్ నీళ్ళ డబ్బాల దగ్గర. వీళ్ళెవరికీ ఇవాళ రైఫిల్ లేదు. తనకూ లేదు. “ఇకనుంచి ప్రతివారం కొందరికి ఇంతే. ఎవరికన్నది నా ఇష్టం. ఎందుకని అడిగినవాడికి మరుగుదొడ్లు కడిగే పని ఖాయం.”

“టాప్! నీళ్ళ దగ్గరా? నేనా?” అని పర్విస్ నోరెళ్ళబెట్టాడు.

“నువ్వే. గొంతు బాగుందిగా, దాహం వేసినవాళ్ళని కేకేసి పిలువు.”

ఈసారి నవ్వు పర్విస్ మీదికి మళ్ళింది. కెప్టెన్ పక్కకొచ్చి, గురి ఉన్నవాణ్ణి నీళ్ళ దగ్గర పెట్టడమేమిటని గొణిగాడు. “నీళ్ళు అందకపోతే నన్నడగండి సార్,” అంది లోర్నా.

ఆ మధ్యాహ్నం మెస్‌లో పుకార్లకు కొదవ లేదు. టాప్‌కు చూపు మందగించిందని ఒకడు, జెండాల దగ్గరి వాళ్ళు తాగి దొరికారని ఇంకొకడు. ఇందరి మీద ఇన్ని కథలు పుట్టేసరికి ఏ ఒక్కటీ నిలవలేదు. గురువారం ఆక్లీ వచ్చి, “టాప్, మధ్యాహ్నం నాకు కాస్త పనుంది,” అన్నాడు. “వెళ్ళిరా,” అంది. ఏం పనని అడగలేదు.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పర్విస్ వచ్చాడు. వస్తూనే తలుపు మూశాడు. ముఖాన నెత్తురుచుక్క లేదు.

“టాప్, మీకెవరు చెప్పారు?”

“ఏం చెప్పారు?”

“నా సంగతి. నాకు తుపాకీ ఇవ్వలేదుగా! అసలు నేను లోపలికి వెళ్ళనే లేదు టాప్. క్లినిక్ ముందు కారు ఆపుకుని కూర్చుని, కూర్చుని, వెనక్కొచ్చేశాను. ఎవడో చూసి మీకు మోసేశాడు.”

లోర్నా తెల్లబోయింది. వీడి నోరు మూయించాలనే కదా నీళ్ళ దగ్గర నిలబెట్టింది!

“నాకెవరూ ఏమీ చెప్పలేదు. ఆ కుర్రాణ్ణి అంతమందిలో ఏడిపించావని నీళ్ళ దగ్గర పెట్టాను. అంతే.”

పర్విస్‌కు అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. తన గుట్టు తనే రట్టు చేసుకున్నాడు. కుర్చీలో కూలబడ్డాడు.

“సరే, ఎలాగూ తెలిసిపోయింది. చెప్పేస్తాను టాప్. నాకు రాత్రిళ్ళు...”

“ఆగు.”

వినాలనే ఉంది ఆమెకు. తన పిల్లల్లో ఒకడు బాధపడుతుంటే వినకుండా ఎలా ఉండడం? అయినా చెయ్యి అడ్డం పెట్టింది. “నీ ప్రమోషన్ కాగితం మీద సంతకం పెట్టేది నేను. నిన్ను ఏ పనికి పంపాలో చూసేదీ నేనే. ఇక్కడ చెబితే అది నా తలలో ఉండిపోతుంది పర్విస్. తీసి బీరువాలో పెట్టి తాళం వెయ్యలేను. అక్కడ చెప్పు. అక్కడ చెప్పింది అక్కడే ఉంటుంది.”

“అక్కడ ఆక్లీ కనిపిస్తే?”

“వాడక్కడికి వెళ్తాడని నీతో ఎవరన్నారు? ఇంకెప్పుడూ అలా అనకు. ఎవరు కనిపించినా సరే, లోపలికి వెళ్ళు.”

పర్విస్ తల దించుకున్నాడు. లేచి తలుపు దాకా వెళ్ళి ఆగాడు. “మీరూ తోడొస్తారా టాప్?”

ఆమె అప్పటికే సగం లేచింది. మళ్ళీ కూర్చుంది. “నేను పక్కన నడిస్తే టముకు వేసినట్టేరా. ఒక్కడివే వెళ్ళు. ఇంకా తెరిచే ఉంటుంది.”

అతను వెళ్ళిపోయాడు. ఆమె గది కిటికీలోంచి రోడ్డు మలుపు దాకా కనిపిస్తుంది. అక్కడ ఎడమకు తిరిగితే సిపాయిలుండే బ్యారక్‌లు, కుడికి తిరిగితే క్లినిక్. ఈ గదికి వచ్చిన నాటి నుంచి ఆమె తన సిపాయిల రాకపోకలన్నీ ఆ కిటికీలోంచే కనిపెట్టుకుని ఉంది. పర్విస్ గాలికి ఎదురుగా వంగి మలుపు వైపు నడుస్తున్నాడు. ఎటు తిరుగుతాడో చూడాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోయింది.

అతను మలుపు చేరకముందే లోర్నా కిటికీ తెర దించేసింది.